నా జేబులోని పళ్ళచక్రం

డెబ్బైలలో మాట. రుద్రూరు చుట్టుపక్కల ఎవరి చెరకు గానుగ చెడినా నన్నే పిలిచేవారు. బడికి పోకుండా, విప్పి చూసి నేర్చుకున్న విద్య నాది.

ఒక ఏడు నేను అత్తారింట్లో ఉండగా, మా బామ్మర్ది బొంబాయి నుంచి తన కూతురికి ప్లాస్టిక్ ఇటుకల ఆటపెట్టె తెచ్చాడు. అందులో రూపాయి బిళ్ళంత పళ్ళచక్రాలు! మూడింటిని వరసగా బిగించి, చివరి రెండింటికీ చెరో రోలర్ తగిలించి బొమ్మ గానుగ కట్టాడు. రెండు రోలర్లూ తిరిగాయి గానీ చెరకుగడ బదులు పెట్టిన గడ్డిపోచ లోపలికి పోలేదు. అయినా మా మామ మురిసిపోయాడు.

"ఇటు తే, నేను సూస్త," అన్నాను.

"బావా, గిది ఎడ్ల గానుగ కాదు. నీకు సమజ్ కాదు," అన్నాడు బామ్మర్ది. అందరూ నవ్వారు.

నా కడుపు మండింది. వాళ్ళు అన్నానికి లేవగానే, ఇక అది తిరగనే కూడదని మధ్య చక్రం పీకి జేబులో వేసుకున్నాను.

బామ్మర్ది వచ్చి వెతికాడు. దొరక్క, మిగిలిన రెండు చక్రాలనే దగ్గరికి జరిపి బిగించాడు. రోలర్లు ఎదురెదురుగా తిరిగి, గడ్డిపోచ సర్రున దూసుకుపోయింది!

"సూసినవా అల్లుడా, మేస్త్రి అంటే గిట్లుండాలె!" అన్నాడు మామ.

మూడు చక్రాలుంటే రెండు రోలర్లూ ఒకవైపే తిరిగి గడను లోపలికి లాగవని నాకు తెలియదా? అసూయలో నా విద్య నేనే మరిచాను. ఆ గానుగను బాగుచేసింది నేనే. చెబితే దొంగనంటారని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. బామ్మర్ది ఈ పత్రిక తెప్పించుకుంటాడు. చదవనీ!