తల దువ్వే అవ్వ

పోయిన సోమవారం పొద్దున నేను అంగన్‌వాడీ తాళం తీస్తుంటే మా ఆయా కోడలు వచ్చింది. "మా యత్త పోయిందమ్మా" అని ఏడ్చింది. ఆదోని పక్క పల్లెలో నేను టీచర్ని. పదకొండేళ్లు ఆ ఆయా నాతో పనిచేసింది. పిల్లలకు ఆమె అవ్వ.

రోజూ పిల్లలను గడప ముందు తనకు వీపు పెట్టి కూర్చోబెట్టుకుని, నూనె రాసి తల దువ్వేది. మొదట్లో నాకు విసుగు. "గుడ్లు ఉడకబెట్టాలా, జడలు వేయాలా?" అని కసురుకున్నాను కూడా. ఆమె ఒక పిల్లవాడి చొక్కా మెడ కిందికి లాగి చూపించింది. బెల్టు వాత. "మొగం అందరూ చూస్తారమ్మా, వీపు చూసేటోళ్లు యాడుండారు?" అంది. అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

వాత కనిపించిన సాయంత్రం ఆ ఇంటికి పోయేది. తల్లిని ముందు అడిగేది, "అన్నం తింటివా? నిద్ర పోతివా?" అని. "పదారేండ్లకే పెండ్లి చేసిరి. వానల్లేవు, మొగుడు తాగొస్తాండాడు. దాన్ని ఎవరూ చూడకపోతే అది బిడ్డను ఎట్ల చూస్తాది?" అనేది నాతో. చంటిదాన్ని తాను ఎత్తుకుని, ఆ తల్లిని కాసేపు పడుకోబెట్టేది. తండ్రుల దగ్గర మాత్రం ఆ మెతకదనం లేదు. "ఏమప్పా, ఎద్దును కొడితే ఊరు అడుగుతాది, బిడ్డను కొడితే అడిగేటోళ్లు లేరనుకుంటివా?" కొన్ని ఇళ్లు దారికొచ్చాయి. చాలా ఇళ్లు రాలేదు.

నిరుడు మూడేళ్ల పాప ఒకతి గుండుతో వచ్చింది. ఉరుకుంద గుడిలో మొక్కు తీర్చామన్నాడు తండ్రి. గుండుకు దువ్వెన ఎందుకని అవ్వ బుగ్గ గిల్లి లోపలికి పంపేది. అలా ఒక నెల. పప్పు ఒలికిందని గౌను మార్చబోతే అప్పుడు చూశాం, వీపు నిండా బీడీతో కాల్చిన మచ్చలు. నేను ఫోన్ చేశాను. అధికారులు వచ్చి రాసుకున్నారు, తండ్రిని మందలించారు. వారానికే ఆ కుటుంబం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్లిపోయింది. తిరిగొచ్చాక పాపకు మాట లేదు.

"వెంట్రుకల్లేవని చెయ్యి పెట్టకపోతినే" అని అవ్వ పోయేదాకా అదే మాట.

కొత్త ఆయా ఇంకా రాలేదు. నేను ఫోన్లో పిల్లల ముఖాలు ఫొటో తీసి హాజరు పంపుతున్నాను. ఊరు సగం మళ్లీ మూటలు కడుతోంది. పాపను ఈడే వదిలిపొమ్మని ఆ తల్లిని బతిమాలాను. "యాడ పెడ్తావమ్మా? అవ్వ ఉంటే ఆమె ఇంట్లో పెట్టిపోదును" అంది. నా ఇల్లు ఉంది, అయినా ఆ మాట అనలేకపోయాను.

ఈ పొద్దున పాప గడప ముందు ఒక్కతే కూర్చుంది, నాకు వీపు పెట్టి, అవ్వ దువ్వెన ఒళ్లో పెట్టుకుని. జుట్టు మెడ దాకా పెరిగింది. వెనక కూర్చుని నూనె రాశాను, దువ్వాను. ఎల్లుండి కూలీల లారీ వస్తుంది. గౌను మెడ కిందికి లాగడానికి నాకు చెయ్యి రాలేదు. దువ్వడం అయిపోయినా పాప లేవలేదు. తల వంచుకుని, అలాగే కూర్చుంది.