చెయ్యెత్తని ప్రెసిడెంటు గారు

మొన్న ఆదివారం భవానీపురంలో మా అపార్ట్‌మెంటు మీటింగుకు కుర్చీలు వేస్తుంటే, మేడ మీంచి ఎండు నెత్తళ్ళ వాసన దిగింది. కొందరు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం రాజ్యలక్ష్మి గారు గుర్తొచ్చారు. ఎండుచేపల వాసనంటే ఆవిడకు అస్సలు గిట్టదు. ఇప్పుడు బతికుంటే "నన్ను తలుచుకోడానికి నీకింకేం దొరకలేదా అమ్మాయ్?" అని దులిపేసేవారు.

బందరు అవతల, సముద్రం వైపున్న మా ఊరికి ఆవిడ పంచాయతీ ప్రెసిడెంటు. వాళ్ళు రైతులు, మేం చేపల వేటకు పోయేవాళ్ళం. ఆడవాళ్ళకు కేటాయించిన వార్డులో నేను మెంబరుగా గెలిచాను. గెలిచింది నేనైనా మొదటి మీటింగులో కుర్చీలో కూర్చున్నది మా ఆయన. నేను వెనక నిలబడ్డాను. మా వైపు అదేం వింత కాదు. రాజ్యలక్ష్మి గారు కళ్ళజోడు తీసి ఆయన వంక చూశారు.

"ఓట్లు పడింది ఈ అమ్మాయికండీ. మీరలా బయట టీ తాగి రండి."

"దానికి మాట్లాడ్డం రాదండీ."

"రాకపోతే నేర్చుకుద్ది. మీరిక్కడుంటే ఎప్పుడు నేర్చుకుద్ది?"

ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళారు. ఇంటికెళ్ళాక ఏమంటారోనని ఒకపక్క భయం, ఇంకోపక్క చెప్పలేనంత సంతోషం.

ఆవిడ మీటింగులో ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా జవాబు చెప్పాలంటే, ముందు వాళ్ళన్న మాట మనం చెప్పి, వాళ్ళచేత తలూపించుకోవాలి. నాకు ఒళ్ళు మండేది. అప్పట్లో మేం చేపలు తారురోడ్డు మీదే ఆరబోసేవాళ్ళం. లారీ తొక్కితే సగం, వాన కొడితే మొత్తం పోయేవి. పంచాయతీ ఖాళీ స్థలంలో సిమెంటు చప్టా కట్టించమని అడిగాను. రైతు మెంబరొకాయన లేచి, పక్క ఇళ్ళలో అన్నం సయించదన్నారు. నేను గయ్యిమన్నాను.

"ఆగమ్మాయ్. ఆయనేమన్నారో చెప్పు ముందు."

"మా చేపలు కంపన్నారండీ!"

"అలా అన్లేదు. మళ్ళీ చెప్పు."

పళ్ళు నూరుకుంటూ చెప్పాను, గాలి ఇళ్ళ వైపే వీస్తుంది, తినే వేళకు ఇబ్బంది అని. ఆయన తలూపారు. చెబుతుంటే నాకే తట్టింది, చప్టాను కాలువ వైపు చివరికి జరిపితే సరిపోతుంది కదా అని. అదే మాటన్నాను.

తర్వాతి మీటింగులో చప్టా ఓటుకు వచ్చింది. ఆ స్థలాన్ని ఆనుకునే ప్రెసిడెంటు గారి ఇల్లు. ఆవిడ లేచి, తన కుర్చీలో ఉప సర్పంచిని కూర్చోబెట్టి, వచ్చి మా వరసలో కూర్చున్నారు.

"ఇది నా ఇంటి సంగతి. ఆ కుర్చీలోంచి మాట్లాడితే తూకంలో వేలు పెట్టినట్టుంటది."

ముందు నా మాటలే నాకన్నా బాగా చెప్పారు, లారీలతో సహా. నేను తలూపాను. ఆ తర్వాత నా చప్టాను ఉతికి ఆరేశారు. ఎంత జరిపినా వాసన తన వంటింట్లోకే వస్తుందని, తనకు ససేమిరా ఇష్టం లేదని గట్టిగా చెప్పారు. ఇక మా పని అయిపోయిందనుకున్నాను. తీరా చేతులెత్తమంటే ఆవిడ ఎత్తలేదు. ఒక్క చెయ్యి తేడాతో చప్టా నెగ్గింది. ఆవిడ ఎత్తి ఉంటే సమానమయ్యేది, అప్పుడు తేల్చాల్సిన ఉప సర్పంచి ఆవిడ మనిషే.

"మీరో చెయ్యెత్తితే పోయేదేముందండీ?" అని రైతు మెంబరు విసుక్కున్నారు.

"రేపు మళ్ళీ అక్కడ కూర్చుంటే నా మాట ఎవరు వింటారండీ?" అని చిన్నగా నవ్వి, వెళ్ళి తీర్మానం మీద సంతకం పెట్టారు.

చప్టా కట్టాక ఆ వైపు కిటికీ ఆవిడ మళ్ళీ తెరవలేదు. ఒక్కసారైనా ఆ మాట మీటింగులో తీసుకురాలేదు.

ఇప్పుడు ఈ అపార్ట్‌మెంటుకు నేనే ప్రెసిడెంటుని. మొన్న వచ్చిన ఫిర్యాదు మేడ మీద చేపలు ఎండబెట్టకూడదని. ఆ నెత్తళ్ళు నావే! లేచి, సెక్రటరీ గారిని నా కుర్చీలో కూర్చోమన్నాను. ఉతికిన బట్టలకు వాసన పడుతోందన్న మూడో అంతస్తు ఆయన బాధను, ఆయన తలూపేదాకా చెప్పాను. తర్వాత నా మాట చెప్పుకున్నాను. ఓటు దగ్గర నా చెయ్యి ఒళ్ళోనే ఉంచుకున్నాను. ఒక్క చెయ్యి తేడాతో ఓడిపోయాను.

మేడెక్కి నెత్తళ్ళు తట్టలోకి తీసుకుంటుంటే కడుపు రగిలిపోయింది. కనబడ్డవాళ్ళనల్లా తిట్టాలనిపించింది. ఆ రోజు చిన్న నవ్వుతో సంతకం పెట్టిన రాజ్యలక్ష్మి గారికి కూడా ఇలాగే రగిలి ఉంటుందని, ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదు.