ఐసు ఫ్యాక్టరీలో నీళ్ళ డ్రమ్ము

బుక్కరాయసముద్రం చెరువు అడుగంటి నెరలిచ్చిన ఏడు నేను అనంతపురంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. అరవైల నాటి సంగతి. సేద్యం గిట్టక కూలికి చేరిన రైతును. జనానికి తాగే నీళ్ళు లేని ఊళ్ళో సోడా అంగళ్ళకు ఐసు గడ్డలు చేసి పంపేవాళ్ళం. సిగ్గులేని బతుకు.

నీళ్ళను గడ్డకట్టించేది గొట్టాల్లో తిరిగే అమ్మోనియా గ్యాసు. పని నేర్పింది మా మేస్త్రీ. నాకన్నా పదేళ్ళు పెద్ద, నోరు కటువు. "అమ్మోనియాకు తడంటే ఇష్టమప్పా. కండ్లు, గొంతు, చంకలు... తడి యాడుంటే ఆడికే వస్తాది" అనేవాడు. గొట్టం అతుకు మీద అనుమానమొస్తే గంధకం పూసిన వత్తి వెలిగించి చుట్టూ తిప్పేవాడు. గ్యాసు కారుతుంటే తెల్లటి పొగ లేచేది. గ్యాసు పైకి లేస్తుంది గనక కిందికి వంగి బయటపడాలి. కంట్లో పడితే ఆ క్షణమే నీళ్ళు పోసి, ఆపకుండా కడగాలి. అందుకని వాకిలి పక్కన సగానికి కోసిన డ్రమ్ములో ఎప్పుడూ నీళ్ళుంచేవాడు. "ఈ నీళ్ళు ముట్టినోడు నాకు పగోడు" అని ఆయన మాట. ఎవరొచ్చి బతిమాలినా చెంబుడు కూడా ఇచ్చేవాడు కాదు.

ఆ ఎండాకాలం ఫ్యాక్టరీ బావి ఎండింది. సాయంత్రాలు బండి మీద తోలించే నీళ్ళతోనే పని నడిచేది. గ్యాసు గొట్టాలను చల్లార్చే తొట్టిలో నీళ్ళు బురదకొచ్చాయి. గొట్టాలు చల్లారకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మిషను ఆపుదామని మేస్త్రీ మొత్తుకున్నాడు. పెళ్ళిళ్ళ కాలం, ఆపేది లేదన్నాడు సావుకారు.

ఒక రోజు పొద్దున మేస్త్రీ టీకి పోయినప్పుడు వెనక వీధిలోని మా గుడిసె నుంచి నా భార్య రెండు కడవలతో వచ్చింది. "ఎద్దు లేయడంలే. నాలుక బయటపెట్టి పడుండాది" అంది. ఉన్నది ఆ ఒక్క ఎద్దే. నేను డ్రమ్ము మూత తీశాను. రెండు దఫాలుగా నాలుగు కడవలు మోసుకుపోయింది. సాయంత్రం బండి నీళ్ళొస్తే నింపుదాంలే అనుకుని మూత పెట్టేశాను.

మధ్యాహ్నం అతుకు పగిలింది. వాల్వు కట్టేయబోయిన మేస్త్రీకి గ్యాసు నేరుగా ముఖం మీద కొట్టింది. అయినా ఆ మొండి మనిషి వాల్వు కట్టేశాకే బయటికి పాకాడు. "నీళ్ళప్పా, నీళ్ళు!" అని కేకలు పెట్టాడు. డ్రమ్ములో నాలుగు చెంబులు దొరికాయి. అవి అయిపోయాయి. వాకిట్లో బండి మీద ఐసు గడ్డలుంటే ఒక ముక్క పగలగొట్టి ఆయన కండ్లకద్దాను. చుక్క చుక్కగా కరిగింది. పక్క వీధి నుంచి ఎవరో బిందె తెచ్చేసరికి ఆయన అరవడం కూడా మానేశాడు.

రెండు కళ్ళూ పోయాయి. వెంటనే బాగా కడిగి ఉంటే దక్కేవేమో అన్నాడు డాక్టరు. ఎద్దు ఆ వారమే చచ్చింది.

నెల తర్వాత, మొహం చెల్లకపోయినా, చూడబోయాను. గోడకానుకుని కూర్చున్నాడు.

"డ్రమ్ములో నీళ్ళేమైనాయప్పా? పొద్దన్నే చూస్తి, నిండుగా ఉండె" అన్నాడు.

"అడుగున తూటు పడిందన్నా. కారిపోయినాయి" అన్నాను.



"అయితే తప్పు నాదేలే. టీకి పోయొచ్చినాక ఇంకోసారి చూసుకోవాల్సింది" అన్నాడు.

నేను కాదనలేదు.