లాడ్జి మీద ఎముకల పెద్దమనిషి

తిరుపతిలో మా సందు మొదట్లో లాడ్జి కట్టుకున్న పెద్దమనిషి ప్రహరీ గోడను సగం దారి మీదికి జరిపాడు. ఇప్పుడు ఆటో లోపలికి రాదు. మోకాళ్ళు అరిగిపోయిన మా నాయన ఆసుపత్రికి వెళ్ళాలంటే కర్ర పట్టుకుని రోడ్డు దాకా నడవాలి, మధ్యలో ఎవరింటి మెట్ల మీదో కూలబడాలి. ఆఫీసుల చుట్టూ తిరిగితే నాకు తిరుగుడే మిగిలింది. లాడ్జి ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

నేను చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చువేసే పని నేర్చుకున్నవాణ్ణి. చదువుకునే రోజుల్లో మా మాస్టారు మెక్సికో బొమ్మలు చూపించారు. ఒకప్పుడు చవక కాగితాల మీద అచ్చేసి వీధుల్లో అమ్మేవారట. అన్నీ అస్థిపంజరాలే! పూలటోపీ పెట్టుకున్న దొరసాని, సైకిలు తొక్కే పెద్దమనుషులు. తోలు ఒలిచేస్తే అందరూ ఒకటేనని జనం పడీ పడీ నవ్వేవారట. మా సందు కూడా అలా నవ్వితే, సిగ్గుకైనా ఆయన గోడ వెనక్కి జరుపుతాడని నా ఆశ.

ఆయన్నే చెక్కాను. మెలితిప్పిన మీసం, మెడలో లావు గొలుసు, కాళ్ళ కింద మా సందు. మిగతాదంతా ఎముకలు. అచ్చులు తీసి సందంతా అంటించాను.

ఒక్కరు నవ్వితే ఒట్టు! పాలు పోసే ఆమె కరెంటు స్తంభం మీది బొమ్మ చూసి ఆగి, "ఈడ షాక్ కొడతాదా ఏంది?" అని పక్కకు తప్పుకుంది. ఎదురింటామె, "పొద్దున్నే లేస్తానే ఈ పీనుగు మొగం సూడాల్నా నాయనా?" అని నా ముందే చించేసింది. ఆ మీసం కనబడలేదా తల్లీ, ఆ గొలుసు కనబడలేదా? తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ వారంలోనే లాడ్జి ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. తగాదాకే వచ్చాడనుకుని లోలోపల సంతోషించాను.

"ఈ బొమ్మ చేసింది నువ్వేనంట కదప్పా? భలే భయంగా ఉండాది. మా లాడ్జికి ఒకటే దిష్టి. ఇంతకన్నా మంచి దిష్టిబొమ్మ యాడ దొరకతాది?"

ఒళ్ళు మండింది. "ఆ మీసం చూడండన్నా. అది మీరే!"

ఆయన పొట్ట తడుముకుని పెద్దగా నవ్వాడు. "ఇంత కండ పెట్టుకోని నేను ఎముకలా! తమాషా మనిషివప్పా."

నా బొమ్మను చూసి మా సందులో నవ్వింది ఆయనొక్కడే.

ఫ్లెక్సీ షాపులో దాన్ని నిలువెత్తున చేయించి, లాడ్జి పైఅంతస్తుకు గుమ్మడికాయ పక్కన కట్టించాడు. మరుసటి సారి ఆసుపత్రికి వెళ్తూ మా నాయన ఆ గోడకే ఆనుకుని పైకి చూశాడు.

"ఒరే, అది నువ్వు చెక్కిందే కదా?"

"అవును నాయనా."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బాగానే చెక్కినావులే. ఆయప్పకు ఇంక ఎవురి ఏడుపూ తగలదు. మనదీ తగలదు."