మగ్గం గది గొళ్ళెం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మడానికి తీరిక కూడా దొరకలేదు. గద్వాలలో తలుపుల సామాను అమ్మే దుకాణం నాది. ఇంట్లో తలుపు కిర్రుమంటే జనం దండం పెట్టుకుంటారు. నేను బందుల్లో రెండు చుక్కల నూనె వేయమంటాను. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన దయ్యాల ఫిర్యాదుల్లో సగం స్క్రూలు వదులైనవి, మిగతా సగం దర్వాజ చట్రం ఒరిగినవి.

నాగర్‌కర్నూల్‌లో ఒక ఫంక్షన్ హాలుకు సామాను ఇచ్చాను. తలుపు దానంతటదే మూసుకునే డోర్ క్లోజర్ గట్టిదే కావాలన్నారు. మొదటి పెళ్ళిలోనే ఆ తలుపు పెళ్ళికొడుకు మేనమామ వీపు మీద పడింది. ఆయన అపశకునమన్నాడు. నేను వెళ్ళి దాని స్క్రూను సగం చుట్టు తిప్పి అపశకునాన్ని తొలగించి వచ్చాను.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి గొళ్ళేలు అమ్మేవాడికి లోకంలో వింతలు పెద్దగా కనిపించవు. కింద రాసింది చదివేముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. తర్వాత దానివల్ల నాకే ఉపయోగం లేకపోయింది.

మూడేళ్ల కింద, ఎండాకాలం మొదట్లో వెంకటేశ్ దుకాణానికి వచ్చాడు. చేనేత పని అతనిది. ఇంట్లోనే గుంట మగ్గం. పెళ్ళిళ్ల కాలం కాబట్టి మగ్గం మీద ఎప్పుడూ ఒక పట్టంచు చీర ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు మిర్చిబజ్జీలు తిన్న చేతులతో వచ్చి ఆ చీరను పట్టుకు చూస్తున్నారట. గదికి తాళం కావాలన్నాడు.

నేను రౌండ్ లాక్ చూపించాను. గుండ్రటి పిడి, లోపలి వైపు దాని మధ్యలో ఒక గుండీ. గుండీ నొక్కి తలుపు లాగితే చాలు, తాళం పడిపోతుంది. బయటి నుంచి తాళంచెవి లేకుండా రాదు.

“గిసొంటిదే కావాలె సేటు,” అన్నాడు. “నాకు మతిమరుపు. నా తలుపుకైన మతి ఉండాలె.”

ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని నేను అడగాలి. ఏ కొట్టులోనైనా, ఏ తాళం అమ్మేముందైనా అడగాల్సిన మొదటి ప్రశ్న అది. నేను అడగలేదు. మర్నాడు మౌలాలి వెళ్ళి బిగించి వచ్చాడు. మౌలాలి వడ్రంగి. నా దుకాణంలో కొన్నవాటిని ఊళ్ళో బిగించేది ఎక్కువగా ఆయనే.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, అన్నం తిని దుకాణంలో కూర్చున్న వేళ, వెంకటేశ్ ఫోను చేశాడు. చిన్ని మగ్గం గదిలో ఉండగా తాళం పడిపోయిందన్నాడు. చిన్ని ఎవరని అడిగాను. ఇంకా రెండేళ్లు నిండని కూతురట. అలా తెలిసింది నాకు, ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉందని.

మౌలాలిని బండి మీద ఎక్కించుకొని వెళ్ళాను. జరిగింది ఇదీ. భార్యాభర్తలు వంటింట్లో అన్నం తింటున్నారు. పిల్ల నడుచుకుంటూ మగ్గం గదిలోకి పోయింది. గుండీ నొక్కింది, ఎందుకంటే అది గుండీ. తలుపు నెట్టింది, ఎందుకంటే అది తలుపు.

తాళంచెవి ఉంది. కానీ తిరగలేదు. తాళం బిగుసుకుందని వెంకటేశ్ వారానికోసారి అందులో కొబ్బరినూనె పోస్తున్నాడు. మగ్గం ఇంట్లో గాలి నిండా నూలు నూగు. నూనె, నూగు కలిసి తాళం లోపల వత్తిలా తయారైంది. తాళంలో నూనె పోయకూడదు, పెన్సిల్ ములుకు గీకి ఆ పొడి వేయాలి. అదీ నేను చెప్పలేదు. గట్టిగా తిప్పితే తాళంచెవి సగానికి విరిగింది.

ఆ గదికి వీధి వైపు ఒకటే కిటికీ. ఇనప ఊచలు. వడగాలికని రెక్కలు లోపల నుంచి మూసి గడియ వేశారు. తలుపు కింద సందులోంచి చూద్దామంటే గడప అడ్డం.

అసలు భయం గుంట గురించి. గుంట మగ్గం అంటే నేతగాడు కాళ్ళు పెట్టుకొని కూర్చోవడానికి నేలలో తవ్విన గొయ్యి. మనకు తొడ లోతు. ఆ పిల్లకు నిలువెత్తు. అడుగున కాళ్ళతో తొక్కే కర్రలుంటాయి. దాన్ని తలుపుకు మూడడుగుల దూరంలోనే తవ్వారు, వెలుతురు అక్కడే బాగుంటుందని.

మేం వెళ్ళేసరికి వెంకటేశ్ భార్య సుజాత తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది. ఏడవడం లేదు. “ఇందాకటి దాంక ఏడ్చిందన్నా. ఇప్పుడు సప్పుడు లేదు,” అంది. “గుంతల పడ్డదో ఏమో.”

ఆమె ముఖం చూడలేక నేను తాళం వైపు చూశాను. ఆ తాళం అమ్మింది నేనే కాబట్టి అటూ ఎక్కువసేపు చూడలేకపోయాను.

మౌలాలి ఉలి పెట్టి నాలుగు దెబ్బల్లో బయటి పిడి ఊడగొట్టాడు. నేను స్క్రూడ్రైవరుతో తాళం నాలుక వెనక్కి లాగాను. తాళం మొత్తం ముక్కలుగా బయటికి వచ్చింది. ఆ ముక్కలన్నీ ఏరి నా చొక్కా జేబులో వేసుకున్నాను. ఈ వివరం ఎందుకో తర్వాత తెలుస్తుంది. తలుపులో గుండ్రటి కన్నం మిగిలింది.

సుజాత కన్నంలోంచి చూసింది. మగ్గం కనిపిస్తోంది, అవతలి గోడ కనిపిస్తోంది, గుంట అవతలి అంచు కనిపిస్తోంది. పిల్ల లేదు.

నేను తలుపు నెట్టాను. రాలేదు.

తాళం లేని తలుపు రాకపోవడం నాకు కొత్త. మళ్ళీ నెట్టాను. కింద నెడితే కాస్త కదులుతోంది. మధ్యలోనూ కదులుతోంది. స్టూలెక్కి పై మూలన నెట్టి చూశాను. గోడను నెట్టినట్టుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరైనా ఒకటే మాట చెబుతారు. పైన గొళ్ళెం పడింది.

“పైన గొళ్ళెం ఉందా?” అని అడిగాను.

“ఉంది గాని ఎన్నడు ఎయ్యలె సేటు,” అన్నాడు వెంకటేశ్. “ఆ పిల్లకెట్ల అందుతది? నాకే చెయ్యి లేపితె గాని అందదు.”

ఆ ప్రశ్నకు జవాబు వెతికే సమయం కాదది. లోపల నిశ్శబ్దంగా ఉంది. అంతే నాకు తెలిసింది. గడియ అంటే గొళ్ళెమే కాదు, ఇరవై నాలుగు నిమిషాలు కూడా. ఫోనొచ్చి అప్పటికి ఒక గడియ దాటింది.

“పలగ్గొట్టు చాచా. తలుపు పోతె పోనీ,” అన్నాడు వెంకటేశ్. పెరట్లోంచి గడ్డపార తెచ్చి మౌలాలి చేతికిచ్చాడు. మౌలాలి నా వైపు చూశాడు. నేను తలూపాను. ఈ మాట స్పష్టంగా రాయాలి. తల ఊపింది నేను. నాకు తోచిన సరైన పని అదే. నేనూ, వెంకటేశూ భుజాలు ఆనించి నెట్టాలి, మౌలాలి పై మూలన గడ్డపారతో పొడవాలి, ముగ్గురి బలం ఒక్కసారే పడాలి.

మౌలాలి గడ్డపార ఎత్తాడు. అప్పుడు సుజాత మాకూ తలుపుకూ మధ్యకు వచ్చి నిలబడింది.

“జర ఆగుండ్రి,” అంది. “ఒక్క నిమిషం ఎవ్వరు మాట్లాడకుండ్రి. నా బిడ్డ సప్పుడు ఇంట.”

“ఏమింటవు, పక్కకు జరుగు,” అన్నాడు వెంకటేశ్. ఆమె జరగలేదు.

మేం ఊపిరి బిగబట్టాం. ఎంతసేపో చెప్పలేను. ఆ సమయంలో వాచీ చూసే తెలివి నాకు లేదు. పిల్ల చప్పుడు వినపడలేదు.

పైనుంచి వినపడింది. తుప్పు పట్టిన గొళ్ళెం గొట్టంలో రాసుకుంటూ జారే చప్పుడు. చివర టక్కుమని ఆగడం. రోజుకు పదిసార్లు దుకాణంలో కొనేవాళ్ళకు నేను తీసి, వేసి చూపించే చప్పుడు. పొరబడే అవకాశం లేదు. నలుగురమూ తలెత్తి చూశాం.

సుజాత తలుపు మీద వేళ్ళు ఆనించింది. నెట్టలేదు. తలుపు జానెడు తెరుచుకుంది.

ఆమె ఒక్కర్తే పక్కకు తిరిగి సందులోంచి లోపలికి దూరింది. ఆ తర్వాత “దొరికింది” అంది. పోయిన గాజు దొరికినట్టు, అంత నెమ్మదిగా.

పిల్ల తలుపు వెనకే ఉంది. గుంట అంచున, గుంటకు వీపు పెట్టి, కాళ్ళు బార్లా చాపుకొని కూర్చుంది. చేతిలో దారం చుట్టిన కండె. దాని చివర నోట్లో. ఏడుపు ఆపడానికి కారణం అదే. తీరికగా నములుతోంది. తలుపు పూర్తిగా తెరుచుకుంటే దాని అంచు సరిగ్గా ఆమె కూర్చున్న చోటి మీదుగా పోతుంది. ముగ్గురు మగవాళ్ళ బలంతో తెరుచుకుంటే ఏమయ్యేదో నేను రాయను. గుంట అడుగున కర్రలుంటాయని ముందే చెప్పాను.

మౌలాలి గడ్డపారను గోడకు ఆనించాడు, అది గాజుదైనట్టు.

ఇక నేను చేయగలిగింది ఒకటే. స్టూలు లోపలికి తెచ్చి గొళ్ళేన్ని చూశాను.

గొళ్ళెం కిందికి దింపి ఉంది, అంటే తీసి ఉంది. దాని మీద నీలం పెయింటు, ఒక పొర కాదు, మూడు నాలుగు. కడ్డీ, గొట్టం, స్క్రూలు అన్నీ కలిసి ఒకే ముద్ద. ఎక్కడా పగులు లేదు, గీత లేదు. వేలితో లాగాను. పట్టకారుతో లాగాను. కదలలేదు. మౌలాలి సుత్తితో మూడు దెబ్బలు కొట్టాక పెయింటు పెచ్చులు రాలి అర అంగుళం జరిగింది. ఆ చప్పుడు మేం విన్న చప్పుడు కాదు.

అంతటితో అయిపోతే పెయింటు గురించి ఏదో ఒకటి అనుకునేవాణ్ని. గొళ్ళెం పైకి పోయి దూరాల్సిన కన్నం కోసం దర్వాజ మీద వెతికాను. కన్నం లేదు. ఎప్పుడో లప్పం పెట్టి పూడ్చి, దాని మీదా అదే నీలం పెయింటు వేశారు. గోరుతో గీకితే లప్పం గట్టిగా ఉంది. ఆ గొళ్ళెం పడాలనుకున్నా పడటానికి చోటు లేదు.

“చెక్క ఉబ్బి పట్టుకుంది,” అన్నాను పైకి. ఎవరూ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఎండాకాలంలో కర్ర సన్నబడుతుంది గాని ఉబ్బదు. తలుపు మూసి, పైన సందులో వార్తాపత్రిక పెట్టి లాగాను. చిరగకుండా వచ్చింది. పదిసార్లు తీసి వేశాం. ఎక్కడా రాసుకోలేదు. ఆ చప్పుడు తాళం ముక్కలదేమో అనుకుందామంటే అవి నా జేబులో ఉన్నాయి. కిటికీ రెక్కలకు లోపలి గడియ అలాగే వేసి ఉంది. పిల్ల తప్ప గదిలో ఎవరూ లేరు, మగ్గం కింద కూడా చూశాం. దేనికోసం చూశామని నన్ను అడగొద్దు.

తిరిగి వచ్చి దుకాణం దగ్గర బండి దిగాక మౌలాలి అన్నాడు, “నలభై ఏండ్ల సంది తలుపులకు గొళ్ళేలు కొడుతున్న సేటు. గొళ్ళెం లేకుంట తలుపు నిలవడ్డది ఇయ్యాల్నే చూసిన. ఇగ మన సామాను ఎవలు కొంటరు?”

మర్నాడు తాళం లేని మామూలు పిడి ఒకటి, గుంటకు పలక మూత ఒకటి పట్టుకొని వెళ్ళాను. పలక తీసుకున్నారు. పిడి వద్దన్నారు. వెంకటేశ్‌కు పై గొళ్ళేన్ని పీకేయించాలని ఉంది. సుజాత ఒప్పుకోలేదు. “నా పిల్లను ఆపిందో, ఇడిసిందో, ఏది చేసిందో నీకు తెల్వదు, నాకు తెల్వదు,” అంది. “తెల్వనిదాన్ని పీకుడెందుకు?” భర్త నా వైపు చూశాడు, చదువుకున్నవాడు ఏదైనా చెబుతాడని. నేను స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకున్నాను.

ఈ మూడేళ్లలో నేను దీన్ని చాలా రకాలుగా ఆలోచించాను. బందుల లెక్క వేశాను, దర్వాజ వంపు లెక్క వేశాను. తలుపు ఎందుకు రాలేదో చెప్పే కారణం ఒకటి దొరికితే, ఎందుకు వచ్చిందో చెప్పే కారణం దొరకదు. రెంటికీ సరిపోయేది దొరికితే చప్పుడు మిగిలిపోతుంది. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. అలాగని ఆ మధ్యాహ్నం నేను తలూపిన సంగతి మరచిపోలేను.

మొన్న వాళ్ళింటికి ఏదో పనిమీద వెళ్ళాను. మగ్గం గది తలుపు బార్లా తెరిచే ఉంది. ఇప్పుడు దాన్ని ఎప్పుడూ మూయరట. సుజాత కండెల గంప పట్టుకొని వచ్చి, తెరిచి ఉన్న ఆ తలుపును వేలి కణుపుతో రెండుసార్లు తట్టి లోపలికి పోయింది. ఆమె వెనకే చిన్ని వచ్చి, అందినంత ఎత్తున తనూ తట్టి పోయింది.

నన్ను లోపలికి రమ్మన్నారు. నేనూ తట్టాను.