మా ఆయన కారు మెత్తని బ్రేకు

ఆ కాలంల కారంటే నడిస్తే చాలు, ఆగుడు సంగతి ఎవరు అడుగుతుండె? రాయచూరుల మా ఆయన ఒక ముసలి కారు కొన్నడు. దాని బ్రేకు మీద కాలు పెడితే వానకు నానిన రేగడిల దిగినట్టు కిందికి పోతుండె. మల్ల మల్ల తొక్కినంక, కారుకు బుద్ధి పుడితే ఆగుతుండె. అందరి ముంగట ఆయన మాత్రం, మన గాడి బ్రేకు ఎంత మెత్తగున్నదో చూడుండ్రి అని మీసం దువ్వుతుండె. (నవ్వకుండ రాయవే బిడ్డా, మీ నాయన గట్లనే అంటుండె.)

పెండ్లైన కొత్తల ఆ కారుల నన్ను మా తల్లిగారి ఊరు ఇడపనూరుకు తోల్కపోయిండు. నాకు ఒక్కటే పంతం. మా అన్న పెండ్లాం, అంటే మా వదినె, కారు కారు అంటవు, ఎన్నడన్న మా కండ్లవడ్డదా అని నలుగురి ముంగట ఎక్కిరిచ్చింది. ఆమె చూస్తుండంగ మా గడప కాడ కారు ఆగాలె, నేను దిగాలె. మా అమ్మ దిష్టి తీయనీకె ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకొని వాకిట్ల నిలవడ్డది, పక్కన వదినె. ఆయన బ్రేకు తొక్కిండు. మల్ల తొక్కిండు. నేను నవ్వుకుంట చెయ్యి ఊపుతుండంగనే మా ఇల్లు ఎనకకు పోయింది. అమ్మ పళ్లెంతోనే ఎంబడి ఉరికింది. అరుగు మీది ముసలోళ్లు "నిల్సప్పా, నిల్సు" అని కన్నడంల మొత్తుకున్నరు. సందు ఇరుకు, తిప్పనీకె రాదు, ఊరంతా చుట్టి రావాలె. పిల్లలు, కుక్కలు ఎంబడివడ్డరు. కొత్త అల్లుడు ఊరేగుతుండనుకొని డప్పు కొట్టేటాయన కూడ డప్పు తీసుకొనొచ్చిండు.

ఆయన మొకం నిండ చెమటలు. ఈసారి కూడ తప్పితే వదినె నోట్ల నేను జన్మంత నానుత. అప్పుడు మా నాయన ఎడ్లబండి యాదికొచ్చింది. దిగువల ఎడ్లను నిలవెట్టాలంటే మా నాయన శానా ముందుగాలనే పగ్గం గుంజుతుండె.

"ఏమయ్యా, ఇంటి కాడ కాదు, సందు మొదట్ల ఉన్న బావి కాడ్నించే తొక్కు," అన్న.

"గాడి నాదా, నీదా?"

"గాడి నీదే. ఇజ్జత్ నాది."

ఆయన బావి కాడ్నించే తొక్కవట్టిండు. కారు గునుసుకుంట గునుసుకుంట వచ్చి సక్కగ మా గడప ముంగట, వదినె కాళ్ల కాడ నిలవడ్డది. డప్పు మోగుతుండంగ రాణి లెక్క దిగిన. మొదలే ఎందుకు ఆపలేదని వదినె మెల్లగ అడిగింది. "ముందుగాల ఊరికి చూపిచ్చినం, వదినె," అన్న. అమ్మ నాతోటి పాటు కారుకు కూడ దిష్టి తీసింది.

ఇప్పుడు ఆయన లేడు. మా బిడ్డ కారు కాలు తాకంగనే టక్కున నిలుస్తది, మంచిదే. ఇల్లు దాటిపోతున్నా చెయ్యి ఊపుడు మానని ఆ పిచ్చిపిల్ల యాదికొచ్చి నాల నేనే నవ్వుకుంట. ఆ దినం మా కారు కూడ టక్కున ఆగుంటే మా సందు ఒక్కటే చూసుండేది. ఆయన పక్కన ముంగటి సీట్ల కూసున్న నన్ను ఊరంతా చూసింది.