పళ్ళాయన ఇంటి అల్లుడు

మా బాబాయిని వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ మాట విని సంచీ పట్టుకుని వచ్చి, "అరటివి ఉన్నాయా?" అని అడుగుతుంటారు. బాబాయి విసుక్కోకుండా, "నా దగ్గరున్నవి తినేవి కాదమ్మా, తినడానికి పనికొచ్చేవి" అని పంపించేస్తాడు. ఆయన చేసేది కట్టుడుపళ్ళు. పంటి డాక్టరు క్లినిక్ వెనకగదిలో ఒక కిటికీ, ఒక బల్ల, బల్ల మీద ప్లాస్టర్‌తో పోసిన దవడల అచ్చులు, మైనం కరిగించే చిన్న దీపం. ఎన్నో ఏళ్ళుగా ఆయన లోకం అదే. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళ నవ్వు ఆయన చేతిలోంచి వచ్చిందే. ఆయన నవ్వును మాత్రం పెళ్ళిఫొటోలో ఒకసారి చూశానని మా పిన్ని అంటుంది, అదీ అనుమానంగానే.

అలాంటి మనిషి ఒకనాడు ప్లాస్టిక్ సంచీలో నీళ్ళూ, ఆ నీళ్ళలో అగ్గిపెట్టెంత నల్లచేపా పట్టుకుని ఇంటికొచ్చాడు. దుకాణంలో ఇన్ని చేపలుండగా ఇదొక్కటే తనవైపు చూసిందట.

"కళ్ళున్నాక చూడదూ?" అంది పిన్ని.

"అలా కాదు. మనిషిని చూసినట్టు చూసింది."

"నన్ను చూడ్డానికొచ్చిన రోజు మీరు గోడగడియారాన్ని చూశారు. మీకంటే చేపే నయం."

దాన్ని ఆస్కార్ చేప అంటారట. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన జాతి. ఏడాది తిరిగేసరికి జానెడు దాటి, ఒంటినిండా నిప్పుకణికల్లాంటి మచ్చలతో తయారైంది. సాయంత్రం బాబాయి గుమ్మంలో అడుగుపెడితే చాలు, తొట్టి అద్దం దగ్గరికొచ్చి ఒళ్ళంతా ఊపేది. ఆయన చేత్తో అందిస్తే తప్ప మేత ముట్టేది కాదు. తోడుగా ఉంటాయని తొట్టిలో వేసిన చిన్నచేపల్ని మాత్రం ఎవరూ అందించకుండానే తినేసింది. పిన్ని దానికి అల్లుడుగారు అని పేరు పెట్టింది. ఇద్దరూ మగపిల్లలే కావడంతో ఆవిడకి అల్లుణ్ణి ఆటపట్టించే యోగం అంతకుముందు లేదు మరి.

నేను వాళ్ళింట్లో ఉన్న వారంలోనే ఒక గొడవ జరిగింది. బాబాయి పనిలో ఉండగా పిన్ని తొట్టి శుభ్రం చేసి, రాళ్ళు కడిగి, పెద్దరాయిని ఒక మూల నుంచి ఇంకో మూలకి మార్చింది. బాబాయి వచ్చేసరికి అల్లుడుగారు తొట్టి అడుగున ఒక పక్కకి ఒరిగి పడున్నాడు. మొప్పలు ఆడుతున్నాయి గానీ ఎంత పిలిచినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏం చేశావు దాన్ని?"

"కడిగాను. దాన్ని కాదు, రాళ్ళని."

బాబాయికి ముద్ద దిగలేదు. క్లినిక్‌లో ఒకరి పైపళ్ళకి ఇంకొకరి కిందపళ్ళు జతచేసి డాక్టరుగారితో చీవాట్లు తిన్నాడు. చివరికి, పాపం దానికి పెద్ద నీళ్ళ మీద బెంగ పుట్టిందనీ, చెరువులో వదిలితే కోలుకుంటుందనీ తేల్చాడు. స్కూటరు వెనక బకెట్ పట్టుకుని కూర్చునే బాధ్యత నాకు దక్కింది.

ఊరి చివర చెరువుగట్టు మీద, ఆ చెరువును కౌలుకు తీసుకుని చేపలు పెంచుకునే ఆయన వల అల్లుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచొచ్చి బకెట్ మూత తీశాడు.

"ఏంటండీ ఇది?"

"దీనికి ఒంట్లో బాగాలేదు. ఇక్కడైతే కోలుకుంటుందని..."

"ఇది కోలుకుంటే నా పిల్లచేపలు మిగలవు గదండీ! ఇది మన నీళ్ళలో పుట్టింది కాదు. పోయినేడు ఎవరో మహానుభావుడు మీలాగే జాలిపడి ఇంట్లో పెంచిన సక్కర్ చేపల్ని వదిలిపోయాడు. అవి ఊరికే ఉన్నాయా, సంతానం పెంచుకున్నాయి. వాటి ఒంటిమీద ముళ్ళకి నా వల ఏమైందో చూడండి."

ఆ కంతల్లోంచి మా బాబాయి తల సులువుగా దూరేట్టుంది.

"మరి దీన్నేం చెయ్యమంటారు? చచ్చిపోయేలా ఉంది" అన్నాడు బాబాయి.

"చచ్చేట్టుంటే నాకివ్వండి. ఉప్పూకారం రాసి వేయిస్తే జబ్బేమీ తెలీదు."

బాబాయి నా చేతిలోంచి బకెట్ లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు. ఆ కుదుపుకి అల్లుడుగారు లేచి తోకతో ఫెడీమని కొట్టాడు. చెరువాయన మొహం మీది నీళ్ళు తుడుచుకుని, "దీనికి జబ్బేంటండీ, పొగరు!" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని పెద్దరాయిని పాత మూలలోనే పెట్టేసి ఉంచింది.

"మంచం అటుదిటు జరిపానని మీరు ఎన్నాళ్ళు ముంగిట్లో పడుకున్నారో గుర్తుందా? ఇదీ అంతే. జబ్బూ కాదు, బెంగా కాదు. అలక."

బాబాయి చేపని తొట్టిలోకి వదిలాడు. అల్లుడుగారు ఇల్లంతా తనిఖీ చేసుకుని, రాయిని ముక్కుతో ఓసారి పొడిచి, తెల్లారేసరికి బాబాయి చేతి మేతకి వచ్చేశాడు. ఆయన చీకట్లోనే లేచి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు పడుకున్నాను.

తర్వాత చేప ఇంకా పెరిగింది. పెద్ద తొట్టి రావడంతో సోఫా అమ్మకానికి పోయింది. డాక్టరుగారు రోగి నోట్లో పళ్ళ అచ్చు తీసే ముద్ద పెట్టి, గట్టిపడేదాకా కనిపెట్టుకుని ఉండమని బాబాయిని కూర్చోబెడతాడు. ఒకప్పుడు నోరు మెదపని మనిషి, ఇప్పుడు నోరు మెదపలేని వాళ్ళందరికీ పరాయి చేపల సంగతి చెబుతున్నాడు.

"పెంచలేకపోతే కొన్నచోటే తిరిగివ్వాలి. చెరువులో వదలకూడదు. తెలిసిందా?"

"ఊఁ" అంటారు వాళ్ళు, ఇంకేమీ అనలేక. అందరూ ఒప్పుకున్నారని ఇంటికొచ్చి గొప్పగా చెబుతాడు.

ఈమధ్య ఒకావిడ కొత్త కట్టుడుపళ్ళు పెట్టించుకుని, అద్దంలో చూసుకుని, "ఆ చేప ఎక్కడ దొరుకుతుందండీ? మా మనవడికి కొనిపెడతాను" అందట. బాబాయి దుకాణం పేరు చెప్పకుండా, "ముందోసారి మా ఇంటికి రండి" అన్నాడు. ఆవిడ వచ్చింది. చేపని చూసింది. తొట్టిని చూసింది. కూర్చోడానికి చోటుకోసం గదంతా వెతికి చూసింది. పిన్ని వంటింట్లోంచి పీట తెచ్చి వేస్తే, దాని మీద సర్దుకుని కూర్చుని, మనవడికి సైకిలైతే బాగుంటుందేమో అంది.